కప్పతల్లికి చెంబెడు నీళ్లు

మృగశిర దాటింది. ఆరుద్ర దాటింది. పునర్వసు కార్తె కూడా చుక్క రాల్చకుండానే వెళ్లిపోయింది. జూలై నెల సగం గడిచినా మా ఇంట్లో కూలర్ కిటికీ దిగలేదు. ఫోన్లో మాత్రం రోజూ వానే. రానున్న రెండు గంటల్లో భారీ వర్షమంటూ కాలనీ గ్రూపులో ఎవరో ఒకరు పసుపు రంగు పటాలు, నారింజ రంగు పటాలు పెడుతూనే ఉంటారు. మబ్బు నిజంగానే వస్తుంది. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో మోకాళ్ల లోతు నీళ్లు నిలబెడుతుంది. అక్కడి నుంచి అటే పోతుంది తప్ప దిల్‌సుఖ్‌నగర్ వైపు తల తిప్పదు. మా కొడుకు సైదులు ఆటో తోలి నిలువునా తడిసి ఇంటికొస్తే, నేను గేటు దగ్గర చెమట తుడుచుకుంటూ కనిపిస్తాను. వానకు కూడా ఏరియాలు చూసి కురిసే తెలివి వచ్చింది.

నా పేరు యాదలక్ష్మి. మాది దేవరకొండ దగ్గర పల్లె. సైదులు పదో తరగతి తప్పిన ఏడు ఇక్కడికి వచ్చాం. ఇప్పుడు వాడికే బడికి పోయే కొడుకున్నాడు. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలో ధనరాజ్ బిల్డింగ్, అందులో మొదటి అంతస్తులో మా పోర్షన్. కోడలు జ్యోతిక దిల్‌సుఖ్‌నగర్లో చీరల షోరూంలో పనిచేస్తుంది. నేను సాయంత్రం గేటు పక్కన పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్ముతాను. హాస్టళ్ల పిల్లలు, షుగరున్న పెద్దమనుషులు నా పెనం చుట్టూ నిలబడి, ఫోన్లు చూసుకుంటూ వాళ్ల రొట్టె కోసం ఎదురుచూస్తారు. నా చేతి రొట్టె విరగదు. అది నేను చెప్పుకునే గొప్ప కాదు, తిన్నవాళ్లు చెప్పేది.

ఒక ఆదివారం పొద్దున ధనరాజ్ బుల్లెట్ బండి మీద వచ్చి, కిరాయికున్న వాళ్లందరినీ మెట్ల దగ్గరికి పిలిచాడు. ఈ జాగ వాళ్ల తాతలది. ఒకప్పుడు చెరువు కింద వరి పండించిన కుటుంబం. ఇప్పుడతనికి నాగోల్ వైపు పెద్ద ఇల్లుంది, ప్లాట్ల వ్యాపారముంది. నన్ను అక్కా అంటాడు. నేను తమ్మీ అంటాను.

"బోర్ల నీళ్లు లేవు. ట్యాంకర్లు కొని కొని నాతోని కాదిగ," అన్నాడు. "వచ్చే ఒకటో తారీఖు నుంచి పోర్షన్‌కు ముగ్గురే ఉండాలె. ఎక్కువున్నోళ్లు వేరే ఇల్లు చూస్కోండ్రి."

"మేం నలుగురమున్నం గద తమ్మీ," అన్నాను.

"అదే చెప్తున్న అక్కా. ఒకర్ని ఊరికి తోలుండ్రి. లేకుంటే ఖాళీ చేయుండ్రి. నాకేమన్న సంతోషమా చెప్పు."

కోపంగా అన్నా బాగుండేది. మెత్తగా, బాధపడుతున్నట్టు మొహం పెట్టి అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చుట్టూ చూశాను. బిల్డింగంతా వెతికినా ముగ్గురే ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు, అయినా ఒక్కరూ నోరు తెరవలేదు. అందరూ చెప్పులు చూసుకుంటూ మెట్లెక్కి పోయారు. ఆ సాయంత్రమే కొందరు వనస్థలిపురం వైపు ఇళ్లు చూడటానికి బయలుదేరారు.

ధనరాజ్‌కు తెలియనిది ఒకటుంది. మేం నలుగురం కూడా కాదు. జ్యోతికకు మూడో నెల. ఆ సంగతి గడప దాటకుండా దాచుకున్నాం, ఎందుకంటే నీళ్ల కరువులో ఈ ఊళ్లో కడుపుతో ఉన్న పిల్లను చూస్తే ఇల్లుగలవాళ్లు ముందు బకెట్లు లెక్కేస్తారు. పిల్లకు పొద్దున్నే వాంతులు. చప్పుడు పైకి కిందికి వినబడకుండా నోట్లో టవల్ కుక్కుకునేది. కడుపు పండితే ఊరంతా చెప్పుకుని మురిసిపోవలసిన రోజుల్లో, దొంగతనం చేసినట్టు దాచుకోవలసి వచ్చిందే అని నాకు ఏడుపొచ్చేది.

ఆ రాత్రి అన్నాలు తినేటప్పుడు సైదులు కంచం వైపు చూస్తూ మాట్లాడాడు.

"అమ్మా, కొన్నొద్దులు నువ్వు ఊరికి పోరాదే. చిన్నాయన వాళ్లింట్ల ఉండు. వానలు వడ్డంక నేనే వచ్చి తీస్కొస్త."

వాడి కష్టం నాకు తెలియదా? ఇంకో ఇల్లు చూడాలంటే అడ్వాన్సు, పిల్లవాడి బడి, జ్యోతిక షోరూం, వాడి ఆటో స్టాండు, అన్నీ కదలాలి. ఒక్క నేను కదిలితే సరిపోతుంది. లెక్క సరిగ్గానే చేశాడు. కానీ లెక్కలోంచి తీసేయడానికి నేనే దొరికాను చూడండి, అది నా గుండెలో గుచ్చుకుంది. ఊళ్లో మరిది ఇంటి వసారాలో కూర్చుని, ఎవరో పెట్టిన ముద్ద తింటూ, వాన కోసం ఆకాశం చూడాలట నేను.

"వాన వడ్డంక తీస్కొస్తవా?" అన్నాను. "సరే. అయితే నేను వాననే రప్పిస్త. కప్పతల్లి ఆడ్త."

సైదులు తలెత్తి చూశాడు. జ్యోతిక నీళ్ల గ్లాసు కింద పెట్టింది. ఇద్దరికీ నా మతి మీద అనుమానం వచ్చినట్టుంది.

మా వైపు వానలు ముఖం చాటేస్తే ఆడవాళ్లు కప్పతల్లి ఆడతారు. ఒక కప్పను పట్టి, వేపమండలతో కలిపి తడిగుడ్డలో పెట్టి, రోకలికి కడతారు. ఆ రోకలిని ఇద్దరు భుజాల మీద మోస్తూ, పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇల్లూ కప్ప మీద చెంబెడు నీళ్లు పోయాలి. మా ఊళ్లో ఒక కట్టుబాటుంది. ఏ ఇల్లూ లేదనకూడదు. అంటే ఆ వాకిట్లోనే నిలబడతాం. పోసేదాకా కదలం. చివర్లో కప్పను నీళ్లలో వదిలేస్తాం.

మర్నాడు ఎదురింటి శేషారత్నానికి చెప్పాను. ఆమెది ఏలూరు. భర్త రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా పెట్టి ఈ చెరువు కింద ఇల్లు కొనుక్కుంది. ఆమె గుమ్మానికి మోకాలెత్తు గోడ ఉంటుంది. వచ్చిన వాళ్లెవరైనా కాలెత్తి దాటి లోపలికి పోవాలి. కరోనా వచ్చిన ఏడాది అక్టోబరులో చెరువు మా గల్లీలోకి వచ్చినప్పుడు ఆమె సామానంతా మునిగింది. భార్యాభర్తలిద్దరూ డాబా మీద బరకం కప్పుకుని కూర్చున్నారు. ఫ్రిజ్ తేలుకుంటూ వచ్చి మా గేటుకు తగులుకుంది. గోడ ఆ తర్వాత కట్టించినదే.

"వాన రప్పిస్తావా?" అంది శేషారత్నం. "నీకేమైనా పిచ్చా లక్ష్మీ? మబ్బు పట్టిందంటే నాకు నిద్ర ఉండదు. సామాన్లన్నీ మంచాలెక్కిస్తాను. మళ్లీ దింపుతాను. నా నడుం పోయింది. ఇప్పుడు నువ్వు పనిగట్టుకుని దాన్ని పిలుస్తావా?"

"నీకు నీళ్లు ఎక్కువై బాధ, మాకు లేక బాధ. నేనేం చెయ్యాలె చెప్పు."

"ఏం చేస్తావో చేసుకో. నా గుమ్మం ముందుకు కప్పను తెచ్చావంటే మాత్రం చుక్క పొయ్యను."

"పొయ్యకుంటే నిలవడ్త."

"నిలబడు. నీ కాళ్లు, నీ ఇష్టం."

అంత మాట అన్న మనిషే, నేను వెళ్తుంటే వెనక్కి పిలిచింది. "మీ ఇళ్లలో రోకళ్లెక్కడివి, అందరివీ మిక్సీలేగా. మా అమ్మ ఇచ్చిన రోకలి ఉంది, వరదకు కూడా పోలేదు. అది పట్టుకెళ్లు. నీళ్లు మాత్రం అడక్కు."

రోకలి దొరికింది. కప్ప దొరకలేదు.

చెప్తే నవ్వుతారు గాని, చెరువు కింద ఉంటూ కప్ప కోసం రెండు రోజులు తిరిగాను. చెరువు చుట్టూ కంచె, కంచె లోపల నడిచేవాళ్లకు దారి. నీళ్ల మీద గుర్రపుడెక్క చాప పరిచినట్టుంది. అక్కడ దోమలున్నాయి, పందికొక్కులున్నాయి, సెల్ఫీలు దిగే జంటలున్నాయి. కప్ప మాత్రం లేదు. టోపీ పెట్టుకుని వేగంగా నడిచే పెద్దమనిషిని అడిగితే, కాలేజీ ల్యాబులో ఉంటాయేమో చూడమ్మా అని నడుస్తూనే చెప్పాడు. అక్వేరియం షాపతను బంగారు చేపను ఇస్తానన్నాడు. జ్యోతిక వాళ్ల షోరూం పక్కన బొమ్మల కొట్లో ఆకుపచ్చ రబ్బరు కప్పను కొనుక్కొచ్చింది. నొక్కితే అరుస్తుంది.

"రబ్బరు కప్పకు రబ్బరు వానే వడ్తది," అన్నాను. జ్యోతిక పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ధనరాజ్ వచ్చి పోయినప్పటి నుంచి మా ఇంట్లో నవ్వు వినబడటం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూనే నోరు మూసుకుని బాత్రూంలోకి పరుగెత్తింది పిల్ల.

వాన పడకపోవడం కన్నా ఈ కప్ప దొరకకపోవడమే నన్ను ఎక్కువ మండించింది. వాన పైనుంచి రావాలి, దాని బుద్ధి దానిది. కప్పను మాత్రం మనమే పోగొట్టాం. మట్టి కనబడితే సిమెంటు వేశాం, తేమ కనబడితే మందు కొట్టాం. ఇప్పుడు కాలం తప్పిందని ఒకరికొకరం ఫోన్లలో పటాలు పంపుకుంటున్నాం.

శుక్రవారం సాయంత్రం పొయ్యి వెలిగించి పిండి కలుపుతున్నాను. నా వెనక సెల్లార్ షట్టర్ ఉంటుంది. వరద తర్వాత దానికి తాళం పడింది. రిపేరుందని ధనరాజ్ చెప్పేవాడు. తెల్లారుజామున ఎప్పుడైనా మోటర్ చప్పుడు వినబడితే, బోరు చూస్తున్నామనేవాడు. ఆ షట్టర్ లోపల నుంచి బెకబెకమని వినబడింది. రబ్బరు కప్ప ఇక్కడికెలా వచ్చిందా అనుకున్నాను. మళ్లీ వినబడింది. ఇంత ఎండలో, ఇంత కరువులో, నిజమైన కప్ప అరుస్తోంది.

పొయ్యి ఆర్పేసి శివమ్మ దగ్గరికి పోయాను. శివమ్మ ధనరాజ్ తల్లి. కొడుకు ఎంత పెద్ద ఇల్లు కట్టినా ఈ జాగ విడిచి రానని, కింది పోర్షన్లో ఒక్కతే ఉంటుంది. తాళంచెవుల గుత్తి ఎప్పుడూ నడుముకే.

"పెద్దమ్మా, సెల్లార్ల కప్ప ఒర్లుతుంది. జర తాళం తీస్తవా? కప్పతల్లి ఆడ్దామని తిరుగుతున్న."

"కప్పతల్లా?" ముసలామె మొహం విచ్చుకుంది. "నా పెండ్లైన కొత్తల ఆడిన బిడ్డా. గీ చెరువు కట్ట మీదికెల్లే పోయెటోళ్లం. మళ్ల ఎవ్వలు ఆడంగ చూడలే." చేతికర్ర అందుకుని, నా కన్నా ముందే బయలుదేరింది.

షట్టర్ లేపితే చల్లగాలి మొహాన కొట్టింది. ఫోన్ లైటు వేసి చూశాను. కిందికి దిగే దారి సగంలోనే నీళ్లలో మునిగిపోయింది. సెల్లారంతా నీళ్లు. మురికి నీళ్లు కాదు, అడుగున గచ్చు కనబడేంత తేట. ఆ మూల గోడ పగులులోంచి సన్నగా ఊరుతూనే ఉన్నాయి. దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకున్నాను. చప్పగా, చల్లగా ఉన్నాయి, మోరీ మురుగు వాసన లేదు. పక్కన మోటర్, దానికి లావుపాటి పైపు. పైపు గోడలోంచి బయటి మోరీలోకి పోతోంది. ఆ పైపు మీద కూర్చుని ఉంది, నేను రెండు రోజులుగా వెతుకుతున్న కప్ప.

"గిది మా మోట బాయి," అంది శివమ్మ. "మా ధనరాజ్ పూడ్చి బిల్డింగు లేపిండు. ఊటను ఏం జేస్తడు? అది ఎటో ఒకదిక్కు ఒస్తది. పునాది నానుతదని పొద్దుగాల మోటరేసి మోర్ల పోయిస్తడు."

"గీ నీళ్లు సంపుల వడితే మా అందరికి ఎన్నటికి ఒడువని నీళ్లాయె గద పెద్దమ్మా. మరి మమ్ములెందుకు పొమ్మంటుండు?"

శివమ్మ కర్ర మీద గడ్డం ఆనించి గల్లీ వైపు ఒకసారి చూసింది.

"ఎవ్వలకు చెప్పద్దన్నడు," అంది. "బిల్డింగంత ఆడపిల్లల హాస్టల్‌కు ఇస్తడంట. ఎవరో ఒకాయనకు మాటిచ్చిండు. గదికి ఆరుగురిని వెడ్తరంట."

ముగ్గురు దాటితే నీళ్లు చాలవన్న మనిషి, గదికి ఆరుగురిని పెట్టడానికి మాటిచ్చాడు. నా కోడలు నోట్లో టవల్ కుక్కుకోవడం, నా కొడుకు కంచం వైపు చూస్తూ నన్ను పొమ్మనడం, అంతా ఈ అబద్ధం కోసమా? అప్పటికప్పుడు గల్లీలో నిలబడి అరవాలనిపించింది. గ్రూపులో ఫోటో పెట్టాలనిపించింది. పెడితే ఏమవుతుందో కూడా తెలుసు. తెల్లారేసరికి సెల్లార్ ఎండిపోతుంది, షట్టర్‌కు ఇంకో తాళం పడుతుంది, యాదలక్ష్మి నోరు మంచిది కాదని పేరొస్తుంది.

కప్పను తడిగుడ్డలో పట్టుకున్నాను. "ఆదివారం నీ కొడుకొస్తడు గద పెద్దమ్మా. అప్పుడు మీ వాకిట్లకు ఒస్తం. తాళంచెవి నీ కాడనే ఉండనీ. అప్పటిదంక ఎవ్వరికి ఇయ్యకు."

"నా నడుముకున్నది ఎవడు గుంజుకుంటడు?" అంది శివమ్మ.

ఆదివారం పొద్దున రోకలికి వేపమండలు కట్టాం. మధ్యలో తడిగుడ్డలో కప్ప. ఒక కొస నా భుజం మీద. రెండో కొస కింద జ్యోతిక భుజం పెట్టింది. నువ్వొద్దంటే వినలేదు. "కప్ప ఎంత బరువుంటది అత్తమ్మా," అంది. బిల్డింగులో ఆడవాళ్లు మొదట బాల్కనీల్లోంచి చూశారు. తర్వాత ఒక్కొక్కరే చున్నీలు సర్దుకుంటూ దిగొచ్చారు. నల్గొండ వాళ్లకు పాటలు వచ్చు. మిగతా వాళ్లు చప్పట్లు కొట్టారు.

ట్యాంకర్ నీళ్లతో బతికే గల్లీలో, ఇంటింటికీ పోయి నీళ్లు పొయ్యమని అడగడం ఎంత మొండితనమో ఆ రోజు తెలిసింది. ఒకామె తాగే నీళ్ల క్యాన్ వంచి గ్లాసెడు పోసింది. ఒకామె పప్పు కడిగిన నీళ్లు తెచ్చి, పర్వాలేదా అని అడిగింది. కప్పకు పట్టింపు లేదన్నాను. హాస్టల్ బాల్కనీలోంచి ఒక పిల్లాడు ఫ్రిజ్ బాటిల్ వంచేసరికి కప్ప గుడ్డలో ఎగిరిపడింది. ఒకాయన నీళ్లు వృథా చేస్తున్నారని గేటు వేసుకోబోయాడు. మేం పాట ఆపకుండా అక్కడే నిలబడ్డాం. కుక్కలు మొరిగాయి, పక్కింటివాళ్లు బయటికొచ్చారు, చివరికి ఆయనే మగ్గుతో వచ్చాడు.

శేషారత్నం గోడ వెనక చేతులు కట్టుకుని నిలబడి ఉంది. అన్నట్టుగానే చెంబు లేదు. మేమూ నిలబడ్డాం. ఎండ నెత్తి మాడుస్తోంది. పాటలు పాడేవాళ్ల గొంతులు తగ్గిపోయాయి. కాసేపటికి ఆమె చూపు నా మీద నుంచి జ్యోతిక మీదికి మళ్లింది. చూసి చూసి, గోడ మీదికి వంగి, మా ఇద్దరికే వినబడేట్టు అడిగింది.

"మొహం అలా పీక్కుపోయిందేమిటే పిల్లా? ఎన్నో నెల?"

జ్యోతిక తల వంచుకుంది. శేషారత్నం ఇంకేమీ అడగలేదు. ధనరాజ్ పెట్టిన లెక్క గల్లీలో అందరికీ తెలిసిందే. లోపలికి పోయి, ఇత్తడి చెంబు నిండా నీళ్లు తెచ్చి, నెమ్మదిగా కప్ప మీద పోసింది.

"వాన కోసం కాదు," అంది గట్టిగా, అందరికీ వినబడేట్టు. "ఎండలో ఆడపిల్ల నిలబడిందని పోస్తున్నాను. వాన గనక పడిందో, లక్ష్మీ, నిన్ను ఊరుకోను." అని తనే కాలెత్తి గోడ దాటి మా వెనక నడిచింది.

మా గేటు దగ్గర కారు ఆగి ఉంది. ధనరాజ్ ఒక తెల్ల చొక్కా ఆయనకు బిల్డింగు చూపిస్తున్నాడు. హాస్టల్ పెట్టబోయేది ఆయనేనని చూడగానే అర్థమైంది. కిటికీలు లెక్కపెడుతున్నాడు. మమ్మల్ని చూసి ధనరాజ్ చిరాగ్గా చెయ్యి ఊపాడు.

"ఏందక్కా ఇది? మనుషులొచ్చిండ్రు. జర పక్కకు పోండ్రి."

"చెంబెడు నీళ్లు పొయ్యి తమ్మీ. పోతం."

"నీళ్లేడున్నయ్ అక్కా. ట్యాంకు ఎండింది, బోరు ఎండింది," అన్నాడు. నెల రోజులుగా చెప్పి చెప్పి నోటికి అలవాటైన మాట, ఎవరి ముందు అంటున్నాడో చూసుకోకుండా అనేశాడు.

తెల్ల చొక్కా ఆయన లెక్క ఆపేశాడు. "బోరు ఎండిందా? ఫుల్ వాటర్ అన్నారు కదండీ."

"ఉన్నయ్ సార్, ఉన్నయ్. వీళ్లకు అట్ల చెప్పాలె. లేకుంటే నల్లా బంద్ చెయ్యరు."

"ఉంటే పొయ్యి మరి," అన్నాను. "ఎండల కప్పతల్లి నిలవడ్డది. పోసేదంక మేం కదలం."

ఆడవాళ్లు మళ్లీ పాట ఎత్తుకున్నారు. ఈసారి చప్పట్లు కాదు, గేటు మీద దరువేశారు. ధనరాజ్ మా వైపు, కారు వైపు మార్చి మార్చి చూశాడు. నీళ్లున్నాయంటే మేం ఖాళీ చెయ్యం. లేవంటే వచ్చినాయన పోతాడు. ఎటూ చెప్పలేక నిలబడ్డ మనిషిని పక్కకు జరిపి, శివమ్మ కర్ర పొడుచుకుంటూ షట్టర్ దగ్గరికి పోయింది.

"అవ్వా, ఏం జేస్తున్నవే?" అన్నాడు ధనరాజ్.

"నా వాకిట్ల కప్పతల్లి ఎండిపోతుంటే లోపట కూసుండన్నా?" అంది. తాళం తీసింది. షట్టర్ నేనే లేపాను. నీళ్లు వెలుతురులో తళతళమన్నాయి. ఆడవాళ్ల పాట ఆగిపోయింది. పై అంతస్తు నుంచి కింది పోర్షన్ దాకా ఉన్నవాళ్లందరూ ఆ నీళ్లను చూశారు. నెలంతా పిల్లలకు ఒకే బకెట్లో ఇద్దరికి చొప్పున స్నానం చేయించిన ఆడవాళ్లు ఆ నీళ్లను చూశారు. నేను చెంబు ముంచి శివమ్మ చేతికిచ్చాను. ఆమె కప్ప మీద పోసింది. ధార తప్పలేదు.

తెల్ల చొక్కా ఆయన లోపలికి తొంగి చూశాడు. "లీకేజీనా ఇది?"

"లీకేజీ కాదండీ, చెరువు," అంది శేషారత్నం. "ఎండాకాలం ఇలా కింద ఉంటుంది. వానాకాలం పైకి లేస్తుంది. ఆ మీటర్ బాక్సు కనబడుతోందా? ఆ పై దాకా వచ్చింది. మా ఫ్రిజ్ ఈ గేటు దగ్గరే దొరికింది. ఇందులో మనుషుల్ని పెట్టేముందు పడవ కూడా కొనుక్కోండి."

ఆయన మీటర్ బాక్సు వైపు చూశాడు, సెల్లార్ వైపు చూశాడు, మళ్లీ ఫోన్ చేస్తానని ధనరాజ్‌కు చెప్పి కారెక్కాడు. ఏ ఫోనూ రాదని ధనరాజ్‌కూ తెలుసు.

"నా నోటికాడి ముద్ద తీసినవ్ అక్కా," అన్నాడు. మొదటిసారి గొంతులో మెత్తదనం పోయింది. నాకు అదే నయమనిపించింది.

"నువ్వు నా కొడుకు నోట నన్ను పొమ్మనిపిచ్చినవ్," అన్నాను. "ఏది పెద్దదో నువ్వే చూస్కో."

సైదులు ఎప్పుడొచ్చాడో గేటు దగ్గర ఆటో ఆపి అంతా వింటున్నాడు. నా మాట వాడికి తగిలింది. నా వైపు చూడలేకపోయాడు. ప్యాంటు మడుచుకుని, చెప్పులు విడిచి, సెల్లార్ నీళ్లలోకి దిగాడు. మోరీలోకి పోయే పైపును రెండు చేతులతో పట్టుకుని ఊడబీకాడు.

"ఏయ్, ఎవడు ముట్టమన్నడురా నిన్ను?" అన్నాడు ధనరాజ్.

"నేను," అంది శివమ్మ. "సంపులకు వెట్టు బిడ్డా. గది మా అత్తగారి బాయి. మోర్ల పోయనీకి తవ్వలే."

కప్పను విప్పి నీళ్ల అంచున వదిలాను. ఒక్క గెంతు వేసి చీకట్లోకి పోయింది. ఆకాశం మాత్రం అలాగే ఉంది, తెల్లగా, ఒక్క మబ్బు లేకుండా. వాన రాలేదని నాకు బాధ కలగలేదు. ఇన్నాళ్లూ తలెత్తి పైకి చూసి చూసి మెడ నొప్పి పుట్టింది. మా నీళ్లు మా కాళ్ల కిందే ఉన్నాయి.

ధనరాజ్ మెట్ల మీద కూలబడ్డాడు. అయినా పట్టు విడవలేదు. "రేపు వాన వడి గీ సెల్లార్ నిండుతది. గప్పుడు ఏం జేస్తవ్ అక్కా? గప్పుడు నువ్వే సామాను సర్దుకుంటవ్."

"వడనీ. ఎండినా ఈడనే ఉంటం, మునిగినా ఈడనే ఉంటం. నేను ఊరికి పోను. ఈ బిల్డింగుల ఎవ్వరు పోరు. ఏం తమ్మీ, ఇంకా ముగ్గురే అంటవా?"

ఆడవాళ్లు బిందెలు తేవడానికి మెట్లెక్కుతుంటే, ధనరాజ్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు. నా వైపు చూసి, ఓడిపోయిన గొంతుతో, "సరే అక్కా. నలుగురు. ఉండుండ్రి," అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు జ్యోతిక ముందుకొచ్చింది. భుజం మీద రోకలి ఒరిపిడికి ఎర్రగా కందింది. ఇన్నాళ్లూ ఎవరి ముందూ తలెత్తని పిల్ల, కొంగు నడుముకు చుట్టుకుని, ధనరాజ్ ఎదురుగా నిలబడింది.

"నలుగురం గాదు అన్నా, ఐదుగురం. ఇంకొకరు కడుపుల ఉన్నరు, మాఘమాసంల ఒస్తరు," అంది. "వాళ్లకు గూడ నీళ్లు కావాలె."